రెండు సెంట్లు

మా మందిరం ప్రహరీ గోడ ఈశాన్యం మూలకొచ్చేసరికి మడత పడుతుంది. తూర్పు గోడ తిన్నగా వచ్చి, ఇంకో ముప్ఫై అడుగులు నడిస్తే ఉత్తరపు గోడని కలిసేదే. అక్కడ ఆగిపోయి, లోపలికి తిరిగి, మళ్ళీ పక్కకి తిరిగి, ఏదో మొహమాటపడ్డ మనిషిలా తప్పుకుని వెళ్తుంది. వాస్తు తెలిసిన చుట్టాలు వచ్చినప్పుడు అటు చూసి ముక్కున వేలేసుకుంటారు. ఈశాన్యం తెగిన స్థలంలో ఎంత కట్టి ఏం లాభమండీ అని నాతో అనలేక మా ఆవిడతో అని వెళ్తారు. ఇంజినీరు పొరపాటా అని అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ ఔననే చెబుతూ వచ్చాను. పాపం, ఆయన చేసిన పొరపాటేమీ లేదు.

పాస్టరుగా నాకిది ముప్ఫయ్యో ఏడు. తెనాలికి తూర్పున కాలవ గట్టు మీద ఊరు మాది. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారే, అప్పుడు గుండ్లకమ్మలో దిగినవాళ్ళలో మా తాతగారి తాత కూడా ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన గోచీతో నీళ్ళలో దిగి ఉంటాడు. ఆయన తర్వాతి నాలుగో తరంవాణ్ణి, నేను మడమల దాకా దిగే తెల్లంగీలో వేదిక ఎక్కుతాను. గుంటూరులో కుట్టించిన అంగీ. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే నడుస్తున్నప్పుడు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు నాకిష్టమని మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారం సాయంత్రం కూరగాయలకని బజారుకి వెళ్తే సంచీ నిండడానికి అరగంట, వందనాలు అందుకోవడానికి గంట పడుతుంది. వందనాలయ్యగారూ అని సైకిలు దిగి మరీ అంటారు. మావాళ్ళే కాదు, కోవెల పూజారిగారూ నవ్వుతూ పలకరిస్తారు. పెళ్ళిళ్ళలో మొదటి వరస మధ్య కుర్చీ నాది. ఆలస్యంగా వెళ్ళినా దానిమీద ఒక తువ్వాలు వేసి ఉంటుంది. భోజనాల దగ్గర మొదటి విస్తరి నా ముందే పడుతుంది. వీటిలో ఏదీ నేను అడిగి తెచ్చుకున్నది కాదు. వద్దన్నదీ లేదు.

అన్నిటికన్నా నాకు పేరు తెచ్చింది ప్రార్థన. ప్రసంగానికి నాకన్నా మంచివాళ్ళు చుట్టుపక్కల నలుగురున్నారు, ఒప్పుకుంటాను. ప్రార్థనలో మాత్రం నా దరిదాపుల్లోకి ఎవరూ రారు. నేను కళ్ళు మూసుకున్నానంటే ఊరంతా ఒకసారి దేవుడి ముందుకి రావలసిందే. నారుమళ్ళు, గేదెలు, పదో తరగతి పరీక్షలు, కువైటులో ఉన్న ఆడపిల్లలు, మోకాలి నొప్పులు, రాష్ట్రపతి, పక్క ఊరి ఎత్తిపోతల మోటారు. ఒక్కరినీ వదలను. పెళ్ళిలో నా ఆశీర్వాదం అయ్యేసరికి బిర్యానీ మీద నెయ్యి పేరుకుంటుందని కుర్రాళ్ళు వెనక నవ్వుకుంటారు. నవ్వనీ. చిట్టచివరి ఆమెన్ దాకా కళ్ళు తెరవకుండా నిలబడేది సంఘం మొత్తంలో ఒక్కతే. ఎడమవైపు మూడో స్తంభం దగ్గర ఉండే మామ్మ.

ఊరందరికీ ఆమె మామ్మే. పేరు ఓటరు కార్డులో చూస్తే తప్ప ఎవరికీ గుర్తు రాదు. మొగుడు నలభై ఏళ్ళు మా మందిరం గంట కొట్టాడు. ఆయన పోయి పన్నెండేళ్ళు. కూతురు చిలకలూరిపేటలో కాపురం, మనవడు హైదరాబాదులో ఏసీలు బిగిస్తాడు. మామ్మకున్నది ఒక రేకుల షెడ్డు, దానిమీదికి ఎగబాకిన సొరపాదు, ఆ పాదుని కట్టిన పాత గంట తాడు, ఇవన్నీ నిలబడ్డ రెండు సెంట్ల నేల. లెక్కకి 97 గజాలు. ఆ 97 గజాలూ సరిగ్గా మా ఈశాన్యంలో ఉన్నాయి.

పింఛను 4,000 అయినప్పటి నుంచి నెల మొదటి తారీఖునే నాలుగు వందలు కొంగున ముడేసుకుని మా గుమ్మంలోకి వస్తుంది. ఆదివారం దాకా ఆగు మామ్మా, కానుక సంచీలో వెయ్యొచ్చు అంటే, "ఆదివారం దాకా నా దగ్గర ఉంచితే అది నాదనుకుంటానయ్యా" అంటుంది. ముడి విప్పడానికి ఆమెకి చాలాసేపు పడుతుంది. గోళ్ళతో లాగి, పళ్ళతో పట్టి, మళ్ళీ గోళ్ళతో. సాయం చెయ్యబోతే ఒప్పుకోదు.

పాత పెంకుల మందిరం తీసేసి స్లాబు మందిరం మొదలుపెట్టిన ఏడు కమిటీలో మాట వచ్చింది. ప్లాను చదరంగా ఉంటే అందంగా ఉంటుందన్నాడు కోశాధికారి. ఆయన కాంట్రాక్టులు చేస్తాడు, గోడల సంగతి తెలిసినవాడు. కార్లు తిరగడానికి చోటుండాలి అన్నాడు ఇంకొకాయన. అప్పటికి సంఘంలో ఉన్నవి మూడు కార్లు. ఎవరూ వాస్తు అనే మాట నోట రానివ్వలేదు. మనకి అలాంటి నమ్మకాలు లేవు కదా. కానీ మీటింగు జరిగినంతసేపూ అందరి చూపుడు వేళ్ళూ కాగితం మీద ఆ ఒక్క మూలనే తిరిగాయి. మేస్త్రీ మాత్రం దాపరికం లేనివాడు. టీ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఈశాన్యం పోయాక ఇంకేముందండీ" అనేసి వెళ్ళిపోయాడు.

ఆ సంవత్సరం కోత పండుగ వేలంలో మామ్మ సొరకాయ వచ్చింది. కోత పండుగ చూడనివాళ్ళకి చెప్పాలి. పంటలో, పెరట్లో, గంపలో ఉన్నది ఏదో ఒకటి తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాట. కాళ్ళు కట్టిన పుంజు, గుమ్మడికాయ, అరడజను గుడ్లు, ఒక్కోసారి ఒక్క నిమ్మకాయ. పాడుకున్నవాడు డబ్బు కట్టి, "మళ్ళీ దేవుడికే" అని వస్తువు వెనక్కి ఇచ్చేస్తే మళ్ళీ పాట. ఆ రోజు సొరకాయ మూడుసార్లు అమ్ముడుపోయింది. నలభై రూపాయల కాయకి మొత్తం 3,400 వచ్చింది. చివరి పాట కోశాధికారిది. ఆయన కాయని రెండు చేతులా పైకెత్తి, "కాయే ఇంత పలికితే, ఇది కాసిన నేల ఇంకెంత ఆశీర్వాదమో ఆలోచించండి" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మామ్మ కూడా అంది. కాయని ఆయన అయ్యగారి ఇంటికని పంపించాడు. ఆ రాత్రి మేము పులుసు పెట్టుకున్నాం. లేతగా ఉంది.

వేలం తర్వాత సంగతి నా మీదికి వచ్చింది. మామ్మని నేరుగా అడగడం బాగోదు, వాక్యంలోంచి వస్తే బాగుంటుంది అన్నారు పెద్దలు. నాకూ అదే సబబనిపించింది. మూడు ఆదివారాలు వేసుకున్నాను.

మొదటి ఆదివారం అబ్రాహాము, ఇస్సాకు. రెండో ఆదివారం మెదక్. 170 అడుగులకి పైగా లేచిన ఆ గోపురం, కరువు రోజుల్లో పోస్నెట్ దొర దాన్ని మొదలుపెట్టడం, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. ఆకలి కాలంలో అంత మందిరం లేచిందే, కడుపు నిండిన కాలంలో మనమేం చేస్తున్నాం అని గట్టిగానే అడిగాను. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "అక్కడ గుడి పనికి వచ్చినవాళ్ళకి తిండి పెట్టారు కదండీ" అంది. ఆమె వాక్యాన్ని నాలా చదువుకున్న మనిషి కాదు, కూర బాగుందని మాట మార్చాను.

మూడో ఆదివారం విధవరాలి రెండు కాసులు. ఎంచుకున్నది లూకా సువార్త 21వ అధ్యాయం, మొదటి నాలుగు వచనాలు. నాలుగు వచనాలంటే ప్రసంగీకుడికి పండగ. అధ్యాయం అక్కడే మొదలవుతుంది కాబట్టి పైనేముంది, ముందేం జరిగింది అనే తంటా లేదు. అసలు ఈ అధ్యాయాల సంగతి కూడా నాకు కొట్టిన పిండే. యువజనుల క్విజ్‌లో ఏటేటా నేనడిగే ప్రశ్న అది. బైబిలుకి అధ్యాయాలు ఎవరు పెట్టారు? మోషే అంటాడొకడు, పౌలు అంటుంది ఇంకో పిల్ల. అప్పుడు నేను నవ్వి, 13వ శతాబ్దంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ అని చెబుతాను. కొత్త నిబంధనకి వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేశాడని, గుర్రపు ప్రయాణంలో వేశాడని అతని కొడుకే రాశాడని కూడా చెబుతాను. ఎక్కడైనా అంకె వెయ్యకూడని చోట పడితే గుర్రం ఎగిరి ఉంటుంది అని ఒక ఛలోక్తి. పిల్లలు నవ్వుతారు. సువార్త రాసిన లూకాకి ఈ అంకెలతో సంబంధం లేదురా, ఆయన ఒకే ఊపున రాసుకుంటూ పోయాడు అని ముగిస్తాను.

ఆ ఆదివారం ప్రసంగం బాగా వచ్చింది, అది కూడా చెప్పాలి. యెరూషలేము దేవాలయంలో బాకాల్లా మూతి సన్నగా ఉన్న 13 కానుక పెట్టెలు ఉండేవని యూదుల మిష్నాలో ఉంది. అవెలా ఉంటాయో చేతులతో చూపించాను. ధనవంతుడు వెండి గలగలలాడించడం నటించాను. తర్వాత గొంతు తగ్గించి లెక్క చెప్పాను. ఆమె వేసిన రెండు లెప్టాలూ కలిపితే ఒక రోజు కూలిలో 64వ వంతు. లెక్క తేలిగ్గా ఉండడానికి కూలి 320 వేసుకోండి, ఐదు రూపాయలు. ఐదే ఐదు రూపాయలు! కానీ ఆమెకి ఉన్నదంతా అదే. "ఆమె దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి దాచుకుని ఒకటి వెయ్యొచ్చుగా? రెండూ వేసేసింది" అని ఆగాను. రెండు అన్నప్పుడల్లా నా కళ్ళు మూడో స్తంభం వైపే పోయాయి. అనుకుని చూశానో అనుకోకుండా చూశానో ఇప్పుడు నిర్ణయించి లాభం లేదు. వెనక వరసల్లో ఎవరో రెండు సెంట్లు అని గొణిగారు. మందిరమంతా వినపడింది.

సోమవారం పొద్దున్నే మామ్మ వచ్చింది. కొంగున ముడి లేదు. అరుగు మీద కూడా కూర్చోలేదు. "రాసిచ్చేస్తానయ్యగారూ. మీ ఇష్టమొచ్చినప్పుడు పిలవండి" అంది.

నేను స్తోత్రం చెప్పాను. మందిరం వెనక సామాను గది ఖాళీ చేసి ఇస్తారని కమిటీ తరఫున మాటిచ్చాను. నీకు సమ్మతమేనా అని అడిగాను. ఎందుకిస్తున్నావని అడగలేదు. అడిగితే ఆలోచనలో పడుతుందేమోనని భయం వేసింది.

మామ్మకి ఒక డబ్బా ఉంది. చదువు రాదు, కళ్ళు కూడా తగ్గాయని మనవడు కొనిచ్చిన వాక్యం డబ్బా. కొబ్బరి చిప్పంత ఉంటుంది, నెత్తిన సోలారు పలక. మెమరీ కార్డులో బైబిలు మొత్తం ఎక్కించాడు. పగలు సొరపాదు పక్కన ఎండలో కూర్చుంటుంది డబ్బా, రాత్రి మామ్మ తలగడ పక్కన మాట్లాడుతుంది. నా పడగ్గది కిటికీలోంచి వినిపించేది. కావలసిన చోటికి తిప్పుకోవడం ఆమెకి రాదు. ఒక్క బొత్తామే తెలుసు. నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగినచోటి నుంచి అందుకుంటుంది. పాపం లేవీయకాండం ఆచారాలన్నీ వర్షాకాలమంతా వినింది.

రిజిస్ట్రేషనుకి గురువారం కుదిరింది. దస్తావేజు రాయించారు, దానపత్రం. కోశాధికారి కారు తెచ్చాడు. కమిటీ వాళ్ళం ఐదుగురం బయల్దేరాం. ఫోటోలు తీస్తారని నేను అంగీ కూడా వేసుకున్నాను. దారిలో నలుగురు వందనాలు చెప్పారు.

మామ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని తయారుగా ఉంది. లోపల సామానంతా రెండు గోనె సంచుల్లోకి సర్దేసింది. బియ్యం డబ్బా, మాత్రల సంచీ, మొగుడి ఫోటో. గోడకి మేకులు మాత్రం మిగిలాయి. నాకోసం ఒకే కుర్చీ తుడిచి మధ్యలో వేసింది. మిగతావాళ్ళు నిలబడ్డారు. ఏ పనికైనా బయల్దేరే ముందు ప్రార్థన మాకు ఆనవాయితీ కాబట్టి నేను గొంతు సవరించుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగండయ్యా," అంది మామ్మ. "ముందు వాక్యం, తర్వాత ప్రార్థన. మీరు నేర్పిందేగా."

మంచి మాటే అన్నాం అందరం. ఆమె గోనె సంచి మీదున్న డబ్బా అందుకుంది. "రాత్రి ఇక్కడాపాను," అని బొత్తాం నొక్కింది.

గొంతు మొదలైంది. ప్రజలంతా వింటుండగా యేసు శిష్యులతో మాట్లాడుతున్నాడు. శాస్త్రులతో జాగ్రత్త అంటున్నాడు. వాళ్ళకి పొడుగాటి అంగీలు వేసుకు తిరగడం ఇష్టమట. బజార్లో జనం వందనాలు పెడితే ఇష్టమట. సమాజ మందిరంలో ముందు కుర్చీలు, విందుల్లో మొదటి చోటు. నేను కుర్చీలో కొంచెం కదిలాను. గంజి అంగీ చప్పుడు చేసింది. డబ్బా ఆగలేదు. అలాంటివాళ్ళు విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగుతారని, పైకి కనపడ్డానికి మాత్రం పొడుగు పొడుగు ప్రార్థనలు చేస్తారని, వాళ్ళకి పడే శిక్ష అందరికన్నా పెద్దదని చెప్పింది.

ఇరవై ఒకటో అధ్యాయం అని ఒక మాట అంది. ఊపిరి కూడా తీసుకోలేదు. ధనవంతులు కానుకలు వేస్తుండగా ఆయన తలెత్తి చూశాడు. బీద విధవరాలు వచ్చింది. రెండు కాసులు పడ్డాయి.

మామ్మ బొత్తాం నొక్కింది.

"మీరు ఆ ఆదివారం ఆ అంకె అవతల నుంచి చెప్పారయ్యా," అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. వెతికి చూశాను, ఏదైనా ఉంటే బాగుండునని. "నా డబ్బాకి అంకె దగ్గర ఆగడం రాదు. గోడ కాదుగా అది."

కోశాధికారి కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. రేకుల మీద సొరాకు గాలికి రాసుకుంటోంది. మామ్మ డబ్బాని చీర అంచుతో తుడిచి సంచీలో పెట్టింది. కొంగు తలమీదికి లాక్కుంది. ఎప్పటిలాగే చేతులు జోడించి, ఎప్పటిలాగే అందరికన్నా ముందు కళ్ళు మూసుకుంది.

"ఇక ప్రార్థన చెయ్యండయ్యగారూ," అంది. "చిన్నదే చెయ్యండి."